కుండీల తప్పేం లేదు

మళ్ళీ ఆ దూది పుల్లేనా అమ్మా? కానివ్వండి, కానివ్వండి. పోయినేడాది మీ ఆస్పత్రి నుంచే ఒకాయన వచ్చి కుళాయి ముక్కులన్నిట్లో పెట్టి తిప్పాడు. ఏమీ దొరకలేదన్నారు. ఈ ఇంట్లో మనుషుల కన్నా కుళాయిలకే ఎక్కువ వైద్యం జరుగుతోంది.

షవరా? షవర్ లేదు. అదిగో, గోడలో ఆ కన్నం, అదే షవర్ ఉండిన చోటు. దాని జల్లెడలో నా జబ్బు పురుగు ఉండొచ్చని డాక్టరుగారు అన్న సాయంత్రమే మా ఆవిడ రెంచీ పట్టుకుని స్టూలెక్కింది. ప్లంబరు వచ్చేదాకా ఆగవే అంటే వినదే! సగం విప్పేసరికి పైపు ఊడి వంటింటి దాకా వరద. పురుగు సంగతేమో గానీ కింద ఇంటివాళ్ళ పరుపు తడిసింది.

కూర్చోండి, నిలబడే రాస్తారేం? కుర్చీ శుభ్రంగానే ఉంది. ఈ ఇంట్లో శుభ్రంగా లేని వస్తువంటూ ఏదీ... ఆఁ, కూర్చోండి.

వయసు యాభై తొమ్మిది. ఈ జబ్బు రావడం ఇది మూడోసారి. అవునమ్మా, మూడు. రాసుకోండి.

క్షయ కాదు. ఈ ముక్క నేను బోర్డు రాయించి మెళ్ళో కట్టుకోవాలి. క్షయకి దాయాదిట ఇది. నీళ్ళల్లో, మట్టిలో, పైపుల్లో కాపురం ఉంటుంది. గట్టిగా ఉన్నవాడి జోలికి పోదు. ఛాతీ కాస్త చెడినవాడు కనిపిస్తే మాత్రం పిలవని చుట్టంలా దిగబడుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదని డాక్టరుగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు. నేను మా వియ్యంకుడికి చెప్పాను. ‘అబ్బే, నాకలాంటి పట్టింపుల్లేవు బావగారూ’ అన్నాడు పాపం. అని, తల కిటికీలోంచి బయటపెట్టి మిగతా మాటలు మాట్లాడాడు.

మొదటిసారి పద్దెనిమిది నెలలు మింగాను. మూడు రకాల మాత్రలు. ఒకదానికి ఒంటేలు నారింజ రంగు, కన్నీళ్ళు కూడా నారింజే! ఏడిస్తే దిండు గలీబు మీద మరకలు. ఉతికేది ఆవిడే కదా అని ఏడుపు కూడా మానేశాను.

మధ్యలో మానేశారా అని మీరూ అడగబోతున్నారు. తెలుసు, అందరూ అదే అడుగుతారు. ఒక్క పూట తప్పలేదమ్మా. మా ఆవిడ ఎదురుగా నిలబడి మింగించి, నోరు తెరవమని నాలిక కింద కూడా చూసేది. ఆవిడ జైలర్ ఉద్యోగం చేసుంటే ఈపాటికి పెన్షన్ వచ్చేది.

తగ్గింది. కఫంలో ఏమీ లేదు పొమ్మన్నారు. అయిదో నెల తిరక్కుండా మళ్ళీ దగ్గు. పాతది లేచిందేమో అనుకున్నాం. డాక్టరుగారు పరీక్షల మీద పరీక్షలు చేసి, ఇది పాతది కాదు, కొత్తగా ఎక్కింది అన్నారు. మందులు ఓడిపోలేదట. నా చుట్టూ ఎక్కడో దాని గూడు ఉందట. ఆ గూడు పట్టుకోనంతవరకూ ఎన్నిసార్లు తగ్గించినా అంతే, మళ్ళీ ఎక్కుతుంది అన్నారు.

అదిగో, అప్పుడు మొదలైంది మా ఇంట్లో వేట.

ఒక కాగితం ఇచ్చారు. ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. షవర్ పోయింది. గదిలో ఆవిరి చిమ్మే మిషన్ ఒకటి అల్లుడు కొనిపెట్టాడు, అదీ పోయింది. కడుపులో పులుపు ఛాతీలోకి తన్నకుండా తలగడ వైపు మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టింది. ఇప్పుడు రోజూ పొద్దున లేచేసరికి నేను మంచం కింది కొసన కుప్పగా ఉంటాను. తాగే నీళ్ళు కాచాలి, పుక్కిలించే నీళ్ళు కాచాలి. వింటున్నారుగా వంటింట్లో ఆ గిన్నెల మోత? అదే. పొద్దుణ్ణుంచి కాస్తూనే ఉంది. టీ కావాలా మీకు? అడిగితే ఇస్తుంది గానీ, అరగంట మరిగాక ఇస్తుంది.

కుండీలా? అవును, కాగితంలో మట్టి కూడా ఉంది. కుండీ మట్టి కలిపేటప్పుడు దుమ్ము లేస్తుంది, అందులో ఈ పురుగుండొచ్చు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి అని రాసుంది. అంతే. గుడ్డ కట్టుకోమనే రాసుంది.

ఆవిడ కుండీలే తీసేసింది.

ముప్ఫై ఎనిమిది కుండీలమ్మా. ఆ వరండా గచ్చు మీద గుండ్రంగా మరకలు కనిపిస్తున్నాయా? అవే. గులాబీలే పదకొండు రంగులు. పై ఇంటి పెద్దమ్మకి ఇచ్చేసింది. ఆ మహాతల్లి వాటికి నీళ్ళు పొయ్యదు గానీ, వారానికోసారి ఫొటోలు తీసి పంపుతుంది. ఈవిడ ఆ ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఇదిగో దీనికి పేను పట్టింది, దీనికి ఎండ చాల్లేదు అంటూ కూర్చుంటుంది.

అయినా మళ్ళీ వచ్చింది. రెండోసారి మందులయ్యాయి, తగ్గింది, నాలుగో నెల్లో ఇదిగో ఈ దగ్గు. ఈసారి మాత్రలతో పోదట, సూదులట. ఆ సూదులకి చెవులు పోవచ్చట. అదీ కాకపోతే కుడి వైపు ఊపిరితిత్తిలో ఒక ముక్క కోసేస్తారట. చెవులా, ఊపిరా, ఏది ఉంచుకుంటారో చూసుకోండి అన్నట్టు మాట్లాడారు డాక్టరుగారు. నాకు ఆ రెండూ కలిస్తేనే కదమ్మా అన్నం!

ఏం పనంటే... బ్యాండు. పెళ్ళిళ్ళు, షాపు ప్రారంభాలు, గెలిచినవాళ్ళ ఊరేగింపులు. ఓడినవాళ్ళు పిలవరు.

కార్డులో డోలు అని ఉందా? ఉంటుంది, ఉంటుంది. మొదటి రోజు డాక్టరుగారు తలెత్తకుండా ‘ఏం చేస్తారు’ అన్నారు. ‘వాయిస్తానండీ’ అన్నాను. ఆయన డోలు అని రాసుకున్నారు. నాలుగేళ్ళుగా అలాగే ఉంది. నేను దిద్దలేదు. పెద్దవాళ్ళ రాతని దిద్దడమెందుకని...

ఎటు చూస్తున్నారు?

అదా? బీరువా వెనక ఆ నల్ల పెట్టెనా? పాత పెట్టెమ్మా. బట్టలు. పనికిరాని బట్టలు. దుమ్ము లేస్తుంది, తియ్యకండి.

చూశారా, గుమ్మడికాయ దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు... మీరు అడగనన్నా అడగలేదు.

కాస్త తలుపు దగ్గరగా వెయ్యండి. ఆవిడ వింటుంది.

బాకా అది. పొడుగ్గా జారే గొట్టం ఉండే పెద్ద ఇత్తడి బాకా. మా మాస్టారు ఇచ్చారు. ఆయనకి ఆయన మాస్టారు ఇచ్చారు. తళతళలాడుతుంది, రోజూ గుడ్డ పెట్టి తుడుస్తాను. పైన.

లోపలా? లోపల కడగకూడదమ్మా. అది మా వాళ్ళ పట్టు. బాకా లోపల నీళ్ళు తగిలితే గొంతు పోతుందంటారు. ఊదగా ఊదగా ఊపిరి లోపల పేరుకోవాలి, ఆ పేరుకున్న పొరలోనే నాదం ఉంటుంది, కడిగిన బాకా కేకేస్తుంది గానీ పాడదు అనేవారు మా మాస్టారు. మా బ్యాండులో ట్రంపెట్ ఊదే కుర్రాడొకడు సబ్బు నీళ్ళతో కడిగాడని మూడు నెలలు వాడితో ఎవరూ మాట్లాడలేదు. అందరం కలిసి కూర్చుని దగ్గుతూ వాణ్ణి వెలేశాం.

నవ్వొస్తోందా? నవ్వండి. మాలో దగ్గని వాణ్ణి నమ్మేవాళ్ళం కాదు తెలుసా! వీడికింకా పని రాలేదు అనుకునేవాళ్ళం. మా మాస్టారు దగ్గి దగ్గి పోయారు. బీడీలన్నారు. ఆయన మాస్టారూ దగ్గే పోయాడు. ఆయన బీడీ ముట్టుకోలేదు. చలిగాలన్నారు. ఇంటింటికీ ఒక కారణం, అందరి చేతుల్లోనూ ఒకటే బాకా.

నాకెప్పుడు తెలిసిందా?

అబ్బా, ఎంత మెత్తగా చూస్తారమ్మా మీరు. పోలీసులైనా నయం.

రెండోసారి జబ్బప్పుడు మీ ఆస్పత్రిలో నర్సమ్మ ఒక ప్లాస్టిక్ పీక ఇచ్చింది. రోజూ పొద్దున దాంట్లోకి ఊదితే ఛాతీలో కఫం కదిలి పైకొస్తుంది. ఊదడం నాకు నేర్పాలా? నా ఊదుడు చూసి పక్క మంచాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆ పిల్ల అంది, ‘తాతగారూ, ఊదిన ప్రతిసారీ దీన్ని ఊడదీసి వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి ఆరబెట్టాలి. ఊపిరి తడి లోపల ఉండిపోతే పురుగు పెరుగుతుంది. ఆ తర్వాత మీరు గాలి పీల్చినప్పుడల్లా అది మీ లోపలికే వస్తుంది.’

పీక నోట్లోంచి తీసి లోపలికి చూశాను. ఒక్క వారం ఊదే పీకకే అంతుంటే, ముగ్గురు మనుషులు అరవై ఏళ్ళు ఊదిన గొట్టానికి ఎంతుండాలి?

లెక్క రానివాణ్ణి కాదమ్మా, తాళం లెక్క మీద బతికినవాణ్ణి. మందులు తినే పద్దెనిమిది నెలలూ బ్యాండుకి వెళ్ళొద్దన్నారు, ఊదలేదు. తగ్గింది. మళ్ళీ ఊదాను, అయిదో నెల్లో వచ్చింది. మళ్ళీ మానాను, తగ్గింది. మళ్ళీ ఊదాను, నాలుగో నెల. ఇంకా ఏం తెలియాలి? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మీరు కుళాయిల్లో వెతుకుతుంటే నేను పక్కన నిలబడి టార్చి లైటు పట్టాను.

ఆ ప్లాస్టిక్ పీకని మాత్రం రోజూ ఉడకబెడతాను. ఒక్క రోజు తప్పను. అది మా మాస్టారిది కాదుగా.

కడిగేస్తే పోయేదానికి ఎందుకు చెప్పలేదంటారా? కడిగాక దాని గొంతు మారిపోతే? ఇన్నేళ్ళూ జనం ‘ఆహా’ అన్నది నన్నా, ఆ పాచినా? అది తేలిపోతుందని భయం. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండేది, లేదు.

సరే, ఇదీ విని వెళ్ళండి. ఆవిడ చివరి కుండీ పైకి మోసుకెళ్ళిన రోజు నేను ఇదే కుర్చీలో కూర్చుని ఈ బాకా తుడుస్తున్నాను. ఎర్ర గులాబీ అది, మొగ్గ మీదుంది. గుమ్మంలో ఆగి, ‘ఇది కూడా ఇచ్చెయ్యమంటారా?’ అంది. నా వైపు చూసింది. నాకప్పటికే తెలుసు. నేను ‘ఇచ్చెయ్’ అన్నాను. అని, బాకా నోటి మీద ఉఫ్ అని ఊది, ఇంకాస్త మెరిసేలా తుడిచాను.

ఆవిడ మీద నాకు ప్రేమ లేదనుకోకండి. ఉంది. ఉండి కూడా ఆ పని చేశాను.

ఇప్పుడేమైందో తెలుసా? మూడోసారి రిపోర్టు వచ్చాక ఆవిడ తన గోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టింది. ‘ముప్ఫై ఏళ్ళు మట్టి పిసికిన చేతులండీ ఇవి, ఈ చేతుల్తోనే మీకు అన్నం పెట్టాను, నేనే ఎక్కించాను’ అంటుంది. గోళ్ళు నెత్తురొచ్చేదాకా కత్తిరించుకుంది. మరిగే నీళ్ళలో చేతులు ముంచుతోంది. టీ ఇచ్చేటప్పుడు చూడండి ఆ వేళ్ళు, ఎర్రగా పొక్కిపోయి ఉంటాయి. పది రోజులుగా పక్క గదిలో పడుకుంటోంది. తన చీరల్లో కూడా మట్టి ఉందేమోనట.

నేను ఇటు గదిలో ఏటవాలు మంచం మీద జారుతూ, అదంతా వింటూ పడుకుంటున్నాను.

తియ్యండి. పెట్టె తియ్యండి. ఆ కొక్కెం గట్టిది, నొక్కి లాగాలి. ఆ దూది పుల్ల గొట్టంలోకి, ఇంకా లోపలికి, ఒంపు దాకా... ఆఁ.

అమ్మో. అంత నల్లగానా?

ఆ పుల్ల వేసిన సీసాకి జాగ్రత్తగా మూత పెట్టండమ్మా. మా మాస్టారు ఉన్నారు దాంట్లో. ఆయన మాస్టారు కూడా.

ఒక్క సాయం చెయ్యండి. మీ రిపోర్టులో మొట్టమొదటి వాక్యం ‘కుండీల తప్పేం లేదు’ అని రాయండి. పెద్ద అక్షరాలతో, ఆవిడ కళ్ళజోడు లేకుండా చదివేలా. మిగతాది మీ ఇష్టం, నన్ను ఏమైనా రాసుకోండి.

ఫలితం రావడానికి ఎన్నాళ్ళు? ఆరు వారాలా? అంత నెమ్మదిగా పెరుగుతుందా ఈ వెధవ పురుగు! ఆరు వారాలంటే... ఆ చేతులు అన్నాళ్ళు ఉంటాయా?

మరి మీరు చెప్పండి. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు చెబితే వింటుంది.

ఏంటలా చూస్తారు? నేనే చెప్పాలా?

...చెప్పాలి. సరే.

ఆ తలుపు తియ్యండి. పూర్తిగా తియ్యండి.

ఏమోయ్! ఇలా రా ఒకసారి. ఆ స్టవ్ ఆపెయ్. ఆపెయ్ అంటున్నానా! ఆ కాచిన నీళ్ళు చాలు, ఈ బాకా పట్టేంత ఉన్నాయి. ఎందుకా? చెబుతాను. ముందు పైకెళ్ళి నీ ఎర్ర గులాబీ తెచ్చుకో... ఆఁ, మట్టి నాకు దూరంగానే ఉండాలి. నేను దూరంగా ఉంటాలే, అది వరండాలో ఉంటుంది.

వెళ్ళు, తెచ్చుకో. ఇప్పుడే చెబితే, నువ్వు తిట్టి ముగించేసరికి పైన ఆ పెద్దమ్మ నిద్రపోతుంది. తెచ్చుకున్నాక తిడుదువుగాని, నేనెక్కడికీ పోను.