పైకి పరిగెత్తినవాడు

సునామీ వచ్చిపోయిన తొమ్మిదో ఏడు. నేపాల్ కొండల్లో ఒక టీ కొట్టు ముందు నాగేంద్ర. పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో అతని అక్క అప్పలకొండమ్మ. మధ్యలో తెగుతూ అతుకుతూ ఒక ఫోను.

"...ఆ కబుర్లు నాకొద్దు. ఓడ ఎల్లుండి. దీపిక ఎక్కనంటంది. ఎప్పుడొస్తావో చెప్పు."

"ఎల్లుండికి ఎలా వస్తానక్కా? ఇది నేపాలు. హేవ్‌లాక్ దీవి కాదు, పొద్దున బోటెక్కి సాయంత్రం దిగడానికి."

"నేపాలో గోపాలో నాకేటి తెలుసు? పిల్లకి వైజాగ్‌లో నర్సింగ్ సీటొచ్చింది. మీ బావ లైన్లో నిలబడి టికెట్టు తెచ్చేడు. పెట్టె సర్దేను, ఎండుచేపలు కట్టేను. పిల్ల చూస్తే గడప దాటనంటంది."

"ఎందుకంట?"

"చెప్పదు. నాన్న రావాల అంటాది. బస్, అంతే. ఇంకో ముక్క లేదు."

"నాన్న అందా?"

"మరేటనాల? భయ్యా అనాలా నిన్ను?"

"..."

"ఉన్నావేటి?"

"ఉన్నాను. టవర్ సరిగ్గా లేదు."

"టవర్ బాగానే ఉంది, నీకే నోరు లేదు. ఇవాళే బయల్దేరు. గోరఖ్‌పూర్ దాకా బండి మీదొచ్చి రైలెక్కమంటున్నాడు మీ బావ."

"బావ అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు. టీవీ చూస్తూ దారి చెప్తున్నాడు. బయల్దేరు."

"బండి నడవదు."

"అదేటి? ఊరందరి బళ్లూ బాగుచేసే మేస్త్రీవి, నీ బండి నడవదా?"

"క్లచ్ పట్టలేను."

"తీగ తెగితే కొత్తది వేసుకో."

"తీగ బాగానే ఉంది. చెయ్యి బాగోలేదు."

"ఏ చెయ్యి?"

"ఎడంది. చిన్న దెబ్బ. కట్టు కట్టేరు."

"గుడ్డ కట్టా, సిమెంటు కట్టా?"

"కట్టేలే అక్కా."

"నిన్నేరా!"

"సిమెంటు."

"ఓలమ్మో! విరిగిందేటి? లోయలో పడ్డావా? చెప్పేను, ఒక్కడివీ వద్దు, ఒక్కడివీ వద్దని. ఆ గుడ్డ గుడారంలో, ఆ దిక్కులేని కొండల్లో—"

"బండి మీంచి పడలేదు. బండి స్టాండు మీదే ఉంది. నేను పరిగెట్టేను."

"ఎందుకు? పులొచ్చిందా?"

"భూకంపం."

"...పెద్దదా?"

"చిన్నదే. మొన్న పొద్దున టెంటు ముందు కూచుని టీ కాచుకుంటున్నాను. స్టవ్వు మీద గిన్నె కదిలింది. కిందూళ్లో అందరూ ఇళ్లలోంచి బైటికొచ్చి చేలోకి దిగేరు. నేను కొండెక్కేను."

"మంచిపనే కదా. పైకే కదా ఎక్కాల."

"అదీ! నువ్వూ అదే అన్నావు. ఇక్కడ నీళ్లు రావక్కా. రాళ్లొస్తాయి. పైనుంచి. వాటికి ఎదురెళ్లేను నేను. కింద నుంచి అందరూ అరుస్తున్నారు, నీచే ఆవో, కిందకి రా అని. నాకు వినబడతంది కూడా. ఎక్కుతూనే ఉన్నాను."

"అక్కడ సముద్రం లేదని తెలుసు కదరా నీకు."

"నాకు తెలుసు. కాళ్లకి తెలీదు. ఊళ్లో నన్ను ఉల్టా ఆద్మీ, తలకిందుల మనిషి అంటున్నారు. పిల్లలు నా వెనకాల పడి కొండెక్కినట్టు చేసి చూపిస్తున్నారు."

"చూపించనీ. వాళ్ల ఇళ్ల మీదికి నీళ్లొచ్చుంటే తెలిసేది. అసలేటుందిరా అక్కడ, ప్రతీ ఏడూ కొండలు పట్టుకు తిరుగుతావు?"

"ఏమీ లేదు. రాయి. పైన మంచు. కింద సన్నగా నది. చెట్టు కూడా లేదు. కొండ దాటితే ఇంకో కొండ. మధ్యాహ్నమైతే గాలి, టెంటు పీకి పారేస్తాది. రెండ్రోజులు బండి నడిపితే ఒక మేకలవాడు కనబడ్డాడు."

"బావుంటాదా?"

"ఏమో. చప్పుడుండదు."

"అలల చప్పుడా?"

"ఏ చప్పుడూ."

"ఊఁ. రాయి చేతి మీద పడిందా?"

"ఆఁ."

"తలకి అడ్డం పెట్టేవా?"

"లేదు. చెయ్యి ఖాళీ లేదు."

"ఏటి పట్టుకున్నావు?"

"ఏదో. సామాను."

"ఏం సామాను?"

"పడుకునే పరుపు. పొద్దున్నే చుట్టి పెట్టుకుంటాం కదా, ఆ చుట్ట."

"బండి వదిలేసి, సంచీ వదిలేసి, పరుపు పట్టుకు పరిగెట్టేవా? మతుండే చేసేవా?"

"తెలీదక్కా. పైకెళ్లేక చూసుకున్నాను. ఛాతీకి ఆనించుకుని ఉన్నాను. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి వీపు మీద... పరుపుకి వీపేంటి. అదే, పైన. దాంతో మాట్లాడేనంట కూడా. టీ కొట్టు దీదీ అడిగింది, ఎవరితో మాట్లాడేవని."

"ఏటి చెప్పేవు?"

"ఫోన్లో అన్నాను."

"...నీ చిన్నకూతురు చిన్నిని ఎత్తుకున్నాననుకున్నావా?"

"టీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. చిన్ని వాళ్లమ్మ సీతాలు చంకలో, కిందే ఉండిపోయింది. నువ్వెత్తుకున్నది దీపికని. ఆ నీళ్లొచ్చిన రోజు హట్ బేలో గుట్టెక్కించింది దీపికని. ముందు దాని చెయ్యి దొరికింది, దాన్నే ఎత్తుకున్నావు. అందులో పిల్ల తప్పేటుంది?"

"తప్పని నేనెప్పుడన్నాను?"

"అనవు. ఏదీ అనవు. ఆ పిల్ల గదిలోకొస్తే నువ్వు బైటికెళ్తావు. పిల్ల అన్నానికి కూచుంటే నీకు ఆకలుండదు. నేను గుడ్డిదాన్నా?"

"నువ్వు పెంచేవు కదక్కా. బాగా పెంచేవు."

"నోరు ముయ్యి. మెచ్చుకోమని అడిగేనా? ఉండు, పిల్లకిస్తున్నాను."

"వద్దు."

"ఏటి వద్దు?"

"ఏం మాట్లాడాల?"

"ఓడెక్కమను. నీ మాటైతే వింటాది. అంతే చెప్పు, బస్. దీపికా! ఒలే, ఇటు రా. మీ నాన్న."

"అక్కా, తర్వాత... అక్కా—"

"నాన్నా."

"ఆఁ... దీపికా. తిన్నావా?"

"తిన్నాను. చెయ్యి విరిగిందంట కదా?"

"చిన్నదేనమ్మా. దీపికా, ఓడెక్కు. సీటు పోతే మళ్లీ రాదు. అత్త బాధపడతంది."

"నువ్వొచ్చేక ఎక్కుతాను."

"నేనొచ్చి ఏం చేస్తాను? జెట్టీ దాకా మావయ్య వస్తాడు. ముందు నువ్వెళ్లు. కట్టు విప్పేక నేనే వైజాగ్ వచ్చి చూస్తాను. సరేనా?"

"వైజాగ్ వద్దు. ఇక్కడికి రా."

"మొండిచెయ్యకు. ఎక్కడైతే ఏంటి?"

"నువ్వే కదా ఉండమన్నావు."

"నేనా? అలాగెప్పుడన్నాను? వైజాగ్ వెళ్లి చదువుకోమనే కదా ఇప్పుడు చెప్తున్నాను!"

"ఇప్పుడు కాదు. గుట్ట మీద. నన్ను దింపేసి, ఇక్కడే ఉండు, ఎక్కడికీ కదలకు, అమ్మనీ చెల్లినీ తీసుకుని వచ్చేస్తానని పరిగెట్టేవు. నువ్వింకా రాలేదు నాన్నా."