కాటా లైనులో సంతకాలు

ప్రేమించుకున్న ఇద్దరు ఆడవాళ్ళకు ఇల్లు అద్దెకివ్వకూడదంటూ అసెంబ్లీలో ఒక బిల్లు పెట్టారు. దాన్ని వ్యతిరేకించమని అడగడానికి చోడవరంలో ఎమ్మెల్యే ఆఫీసు బయట ఒక చెరకు రైతు, విశాఖ నుంచి వచ్చిన ఆయన కూతురు కూర్చున్నారు.

“నూట పన్నెండు సంతకాలా నాన్నా! పేర్ల పక్కన ఈ నంబర్లేటి?”

“సుగర్ ఫ్యాక్టరీ ఒక్కో రైతుకిచ్చే కోడ్ నంబరమ్మా. సెరకు బళ్ళు తూసే కాటా కాడ కాగితమిస్తే అలవాటుగా రాసేసేరు.”

“అయితే సదవకుండానే పెట్టేసుంటారు.”

“నేనే సదివి వినిపించేను. బిల్లు పాసయితే నువ్వూ, ఝాన్సీ ఉంటన్న ఇల్లు ఖాళీ సెయ్యాలని సెప్పేను.”

“అందరి ముందా? ఝాన్సీ పేరెత్తడానికే నీకు మూడేళ్ళు పట్టింది కదా!”

“కాటా లైన్లో ట్రాక్టరు మీద అయిదు గంటలు కూకున్నోళ్ళకి వినడానికి తీరికుంటాదే. కొందరు నవ్వేరు. ఒకాయన మీ ఇద్దర్లో వంటెవరు సేస్తారని అడిగేడు.”

“ఏటన్నావు?”

“ఝాన్సీయే, మా అమ్మాయి సేస్తే తినలేమన్నాను.”

“నాన్నా! మరి నువ్వు తిరుగుతుంటే లైన్లో మన ట్రాక్టరు?”

“మన ఎనక బండి కృష్ణంరాజు ముందుకి జరిపేడు. తన బండి కాస్త, దిగొచ్చి మన బండి కాస్త. సాయంత్రం దాకా అదే పని.”

“ఆయన సంతకం ఎక్కడుంది?”

“నేదమ్మా. ఇలాంటివి నాకు నచ్చవు, పెట్టనన్నాడు. కానీ నువ్వెళ్ళి అడుక్కో, నీ లైను పోనివ్వనన్నాడు.”

“తిరిగెళ్ళేటప్పుడు ఆయనింటి కాడ ఆగుదాం నాన్నా. నేను దణ్ణం పెట్టాలి.”