ఫోటోలో నడిమి కుర్చీ

"ముక్కు పగలడం కూడా ఒక దెబ్బేనా?" అంటూ అర్మాండ్ డెరోజియే కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నాకూ పగిలింది. ఇంత దూది కుక్కుకుని ఆట చివరిదాకా ఆడాను. అందులో గొప్పేముంది గానీ, ఈరోకి ముక్కుతో సరిపోయిందా? నిరుడు మోకాలు, ఇప్పుడు భుజం. వాడు ఆటగాడా, గాజు బొమ్మా?"

కారో లేక్ మంచు హాకీ జట్టు కమిటీ అంటే ఆ బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురే. అధ్యక్షురాలు వెర్నా కొవాల్‌చుక్, కోచ్ టావిష్, ఒకప్పుడు జట్టు నడిమిన సెంటర్‌గా ఆడిన అర్మాండ్. ఇప్పటి సెంటర్ ఈరో లాహ్టినెన్‌ని వచ్చే ఏడాదికి ఉంచుకోవాలా, లేక అతన్ని బర్చ్ నారోస్ జట్టుకిచ్చి బదులుగా గోల్ కాచే వాళ్ళ గోలీని తెచ్చుకోవాలా అన్నది మధ్యాహ్నంలోగా తేలాలి. పంపేస్తే ఈరో ఇక్కడి రంపపు మిల్లులో పని, ఇల్లు అన్నీ వదులుకుని పోవాల్సిందే. క్యాంటీన్ కిటికీ అవతల, మంచులో, భుజానికి కట్టుతో ట్రక్కులో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. చలికి ఇంజన్ ఆపలేదు. తెల్లటి పొగ లేస్తోంది.

మోకాలు పనిచేసినన్నాళ్ళు వీరుడు, అది మొరాయించిన రోజు నుంచి సరుకు. ఈ లోకం రాసుకున్న అసలు రాజ్యాంగం ఈ ఒక్క ముక్కే. దాన్ని వల్లించడానికి పెద్ద పెట్టుబడిదారులే అక్కర్లేదు, బటర్ టార్టు నములుతున్న ముగ్గురు చాలు.

అర్మాండ్ కడుపులో మండుతున్నది మాత్రం వేరే మంట. ఊరి జట్టు తరఫున అత్యధిక గోల్స్ ఆయనవే. ఈరో ఒక్క గోల్ వెనక ఉన్నాడు. ఒక్కటంటే ఒక్కటి! ఒకప్పుడు అర్మాండ్ తలుపు తోస్తే చాలు, అడక్కుండానే కాఫీ వచ్చేది. ఇవాళ అదే కౌంటర్‌లో అమ్మాయి, "ఈరో భుజం ఎలా ఉందండీ?" అని అడిగి కాఫీ సంగతి మరిచిపోయింది, తనే అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

"మా కాలంలో దెబ్బలంటే ఏంటో చెప్తా వినండి," అన్నాడు అర్మాండ్. "మనం కప్పు గెలిచిన ఆ ఏడాది ఫైనల్. ఆడే రింకు పైకప్పు కూలిపోయిందని గడ్డకట్టిన చెరువు మీద ఆడాం. ఆట మొదలైన కాసేపటికే నా కాలు ఫటక్‌మంది."

"ఏ కాలు?" అన్నాడు టావిష్.

"ఎడమది. ఆ తర్వాత కుడిది కూడాలే, తొందరపడకు. స్టిక్కు రెండు ముక్కలు చేసి, కాలికి అటూ ఇటూ పెట్టి, టేపు చుట్టేశా. ఆ చలికి విరిగిన ఎముక దానంతటదే గడ్డకట్టి అతుక్కుంది. డాక్టరు చూసి ఇక నాతో పనేముందని ఇంటికెళ్ళిపోయాడు."

"మరి స్టిక్కు లేకుండా ఎలా ఆడావ్ పెద్దాయనా?"

"చేత్తో! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బర్చ్ నారోస్ వాళ్ళు ఐదుగురూ ఒక్కసారి నా మీద పడ్డారు. ఆ బరువుకి మంచు పగిలింది. నేనూ, ఆడే బిళ్ళ ఆ పక్కూ నీళ్ళలోకి. ఎవడైనా అయితే కేకలేస్తాడు. నేనేం చేశానంటావ్? కాళ్ళు పైకెత్తి, మంచుకి అడుగు నుంచి స్కేట్లు ఆనించి, తలకిందులుగా స్కేటింగ్ చేసుకుంటూ వెళ్ళా! పైన వాళ్ళు నా నీడని తరుముతున్నారు. కింద ఇంత పొడుగు చేప, పక్కు నోట కరుచుకుని పారిపోబోయింది. దాన్ని భుజంతో ఒక్క గుద్దు గుద్ది పక్కు లాక్కున్నా."

"రిఫరీ ఊరుకున్నాడా?" అంది వెర్నా.

"ఎందుకూరుకుంటాడు? శిక్షగా చేపని రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాడు."

టావిష్ తాగుతున్న కాఫీ ముక్కులోకి పోయింది. ఆ నవ్వు చూసి అర్మాండ్ ఇంకా పొంగిపోయాడు. "సరిగ్గా గోల్ ముందు మంచుని తలతో బద్దలుకొట్టుకుని లేచా. గోలీ నన్ను చూసి ప్రార్థన మొదలెట్టాడు. ఆమెన్ అనేలోగా గోల్! నమ్మరా? అదిగో ఫోటో. నడిమి కుర్చీలో, కప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదెవరు? జట్టు పెట్టుకుంటే అలాంటివాణ్ణి పెట్టుకోవాలి. దెబ్బలవాణ్ణి పంపించేయండి!"

గోడమీద ఆ ఏటి జట్టు ఫోటో ఉంది. పైసగంలో అర్మాండ్ కప్పుతో మెరిసిపోతున్నాడు. కిందిసగానికి కాఫీ యంత్రం అడ్డం. ఆ యంత్రం అక్కడైతేనే బాగుంటుందని పట్టుబట్టి, మోసుకొచ్చి పెట్టింది అర్మాండే.

వెర్నా లేచింది. యంత్రాన్ని రెండు చేతులతో పక్కకు జరిపింది.

ఫోటోలో అందరి కాళ్ళకీ స్కేట్లున్నాయి. నడిమి కుర్చీలో ఉన్నవాడి ఒక కాలికి తొడదాకా పిండికట్టు. రెండో కాలికి ఉన్ని చెప్పు.

"ఆ సీజన్ మొదటి ఆటకి వెళ్ళి, బస్సు మెట్లు దిగుతూ జారావు అర్మాండ్," అంది వెర్నా. "చేతిలో డోనట్ మాత్రం వదల్లేదట. ఆ ఏడాదంతా నువ్వు మంచు మీద కాలు పెట్టలేదు. అప్పుడూ బర్చ్ నారోస్ వాళ్ళే అడిగారు నిన్ను. అప్పటి అధ్యక్షుడు మా నాన్న ఏమన్నాడో నీకు గుర్తుంది. ఈ ఊళ్ళో దెబ్బ తిన్నవాణ్ణి నడిమి కుర్చీలో కూర్చోబెట్టి కప్పు ఒళ్ళో పెడతాం, సంతకు తోలం అన్నాడు. నీ గోల్స్‌లో సగం ఆ తర్వాత కొట్టినవే."

టావిష్ ఫోటో కేసి చూశాడు, కిటికీ కేసి చూశాడు. నవ్వలేదు.

"శనివారం జట్టు ఫోటో," అంది వెర్నా. "నడిమి కుర్చీలో ఈరో కూర్చోవాలన్న వాళ్ళు చెయ్యెత్తండి." తనెత్తింది. టావిష్ ఎత్తాడు. ఇద్దరైతే చాలు, లెక్క తేలిపోయింది, ఈరో ఇక్కడే ఉంటాడు. అయినా వెర్నా చెయ్యి దించలేదు. అర్మాండ్ వైపే చూస్తోంది.

అర్మాండ్ ట్రక్కు పొగని చూశాడు. ఆ ఒక్క గోల్, దాని మీద ఇంకోటీ వచ్చే చలికాలం ఈరో కొట్టేస్తాడు. ఆ తర్వాత ఈ కౌంటర్‌లో తన పేరెవరూ ఎత్తరు. చెయ్యెత్తాడు, సగమే, మోచేయి బల్ల మీంచి లేవకుండా.

"ఎత్తాన్లే," అన్నాడు. "కానీ ఆ భుజంతో కప్పు పట్టుకోగలడా అని నా అనుమానం. అది ఎంత బరువో మీకు తెలుసా? నేను పట్టుకున్న రోజున కింద కుర్చీ నాలుగు కాళ్ళూ నేలలోకి దిగిపోయాయి."