ఆవలింతలోంచి పుట్టిన సెలవు

అట్టపెట్టెల కార్ఖానాలో అట్టలు కోసేదీ ఆయనే, గేటు బయట టీకొట్టు దగ్గర కోతలు కోసేదీ ఆయనే కాబట్టి ఆయన్ని అందరూ కోతల బాబాయ్ అనేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకీ ఇష్టమే. మిషన్ మీద ఆయన కోసిన కోతలో వెంట్రుకవాసి తేడా రాదు. టీకొట్టు దగ్గర కోసే కోతలకి మాత్రం కొలతలుండవు.

ఆ సాయంత్రం టీ విరామంలో కొట్టు బల్ల చివర జిగురక్క కూర్చుంది. పెట్టెల అంచులకి జిగురు పట్టించే పని ఆమెది. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, గోళ్ళ చుట్టూ ఎండిన జిగురు గీక్కుంటూ, పొద్దున్న జరిగిందే తలుచుకుంటోంది. పని మొదలవగానే మేనేజర్ వచ్చి, "రేపు కూడా సెలవు లేదు. ఆర్డరు పూర్తవలేదు. ఎవరికైనా ఇబ్బందా?" అని అడిగాడు. వరసగా ఇది మూడో వారం. ఎవరూ నోరు మెదపలేదు. ఆమె కూడా మెదపలేదు. రేపు పొద్దున్న వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ కట్టు విప్పుతారు. కళ్ళు తెరవగానే ముందు కూతురి మొహమే చూస్తానని ఆ ముసలామె చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంది. రాలేనని ఆమెకి ఏ నోటితో చెప్పాలో జిగురక్కకి తోచడం లేదు.

పక్కనే స్టాకు గుమాస్తా గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. లారీల్లోకి పెట్టెలెత్తే లోడింగ్ బావ చెప్పులు విప్పి అరికాళ్ళు నొక్కుకుంటున్నాడు. మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు, ఒక్క కోతల బాబాయికి తప్ప.

"మొన్న వానల్లో మన మిషన్లన్నీ ఓ పూట ఆగిపోయాయే, ఎవరు ఆపారనుకున్నారు?" అని మొదలుపెట్టాడు.

"కరెంటు పోయింది కదా బాబాయ్," అన్నాడు బావ.

"పోయింది. ఊరికే పోతుందా? నేను మెయిన్ బోర్డు వైపు ఓ చూపు చూశాను. అది మా రక్తంలోనే ఉంది. అసలు సెలవు అనేదాన్ని లోకానికి తెచ్చిపెట్టిందెవరో తెలుసా? మా ముత్తాత."

గుమాస్తా కళ్ళు తెరవలేదు. "సెలవుని కనిపెట్టాడా? ఎలాగ?"

"ఆవలించి."

టీకొట్టాయన చేతిలో గ్లాసు తుడవడం ఆపాడు. బాబాయికి ఆ మాత్రం చాలు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో వేసుకున్నాడు.

"అప్పట్లో రాజుగారు కోట కట్టిస్తున్నారు, మా ముత్తాత రాళ్ళు మోసేవాడు, ఆ రోజుల్లో సోమవారం తర్వాత మంగళవారం వస్తుందనుకుంటున్నారేమో, లేదు, సోమవారం తర్వాత మళ్ళీ సోమవారమే, ఎప్పుడు చూసినా సోమవారమే, మనుషులు నిలబడి తినేవాళ్ళు, నడుస్తూ నిద్రపోయేవాళ్ళు, అలాంటిది ఓ రోజు నెత్తిన రాయి పెట్టుకుని నిచ్చెన మధ్యలో ఉండగా మా ముత్తాతకి ఆవలింత వచ్చింది. మామూలు ఆవలింత కాదు, తాతల కాలం నుంచీ దాచిపెట్టుకున్న ఆవలింత. నోరు తెరిస్తే రెండు పిచ్చుకలు గూడు కట్టుకుందామని లోపలికెళ్ళి, బాగోలేదని బయటికొచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పిచ్చుకలు అద్దె అడిగాయి," అన్నాడు టీకొట్టాయన.

"వినవయ్యా. ఆవలింత అంటే అంటురోగం కదా, కింద మెట్టు మీదవాడు ఆవలించాడు, వాడి కిందవాడు, వాడి కిందవాడు, కాపలా భటులు, భటుల గుర్రాలు, ఏనుగులు. ఏనుగులు ఆవలిస్తే ఆ గాలికి గుడిసెల పైకప్పులు లేచాయి. అది పోయి పోయి సభలో రాజుగారికి అంటుకుంది. ఆయన అప్పుడే ఒకడికి శిక్ష వేస్తున్నారు, 'వీణ్ణి తీసుకెళ్ళి ఉరి' అని మొదలుపెట్టి, మధ్యలో ఆవలించి, 'ఇంటికి పంపండి' అని ముగించి అక్కడే ఒరిగిపోయారు. అది రాసుకుంటున్న లేఖకుడికి కూడా కునుకు పట్టింది. కలం కాగితం మీద ఆనిన చోట చుక్క పడింది. ఫుల్‌స్టాప్ పుట్టింది అక్కడే."

"మరి మీ ఇంట్లో పుట్టినదాన్ని నువ్వెప్పుడూ వాడవేం బాబాయ్?" అన్నాడు గుమాస్తా.

బావ నవ్వబోయాడు కానీ ఆవలింత అడ్డొచ్చింది. అది చూసి జిగురక్కకీ వచ్చింది. బాబాయ్ వాళ్ళిద్దర్నీ సాక్ష్యానికొచ్చినవాళ్ళని చూసినట్టు చూశాడు.

"చూశారా, ఇప్పటికీ దాని పవరు పోలేదు. అక్కణ్ణుంచి రేవుకెళ్ళింది, నావికులు ఆవలిస్తే ఆ గాలి తెరచాపలకి పట్టి ఓడలు సముద్రాలు దాటాయి, ఏ దేశంలో దిగితే ఆ దేశం పడుకుంది. ఒకచోట రెండు సైన్యాలు కొట్టుకుంటున్నాయి, కత్తులెత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండి శత్రువు పొట్ట మీద తల పెట్టుకున్నారు, లేచాక అబ్బ ఎంత మెత్తగా ఉందనుకుని గుడ్డలో దూది కూరారు, దిండు అలా వచ్చింది. ఎక్కడో ఓ గోపురం పక్కకి ఒరిగి ఉంటుంది చూడండి, పునాది సరిగ్గా లేదని పాపం మేస్త్రీని ఆడిపోసుకుంటారు, పునాదికేం, బ్రహ్మాండంగా ఉంది, అది ఆ రోజు కునికింది. ఆఖరికి సూర్యుడు. కొండ మీదికి సగం వచ్చాడు, కిందికి చూశాడు, ఒక్కడూ లేచిలేడు, నేనెవరికోసం అనుకుని ఓసారి ఆవలించి మళ్ళీ దిగిపోయాడు. మర్నాడు లేచి లెక్క చూసుకుంటే మధ్యలో ఒక రోజు లేదు. ఆ రోజు ఎవడూ ఏ పనీ చెయ్యలేదు, అయినా ఆకాశం విరిగి పడలేదు. అప్పుడు రాజులందరూ కూడబలుక్కుని, పోనీ వారానికోసారి ఇలా ఉండనిద్దాం అన్నారు. అదీ సెలవంటే. మా ముత్తాత పెట్టిన భిక్ష."

టీ మరుగుతున్న చప్పుడు వినిపించింది.

"బాబాయ్, ఓ మాట అడగనా?" అంది జిగురక్క.

"అడుగమ్మాయ్."

"పొద్దున్న మేనేజర్ ఇబ్బందా అని అడిగినప్పుడు నీకు ఆవలింత వచ్చింది. నీ ఎదురుగానే ఉన్నాను, చూశాను."

"వస్తే?"

"తువ్వాలు అడ్డం పెట్టుకుని మింగేశావు." ఆమె గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "మీ ముత్తాత ఆవలిస్తే సూర్యుడే వెనక్కి తిరిగాడు. నువ్వు ఆవలించి ఉంటే మన మేనేజర్ కనీసం కుర్చీలో కూర్చునేవాడేమో."

"పెద్దవాళ్ళ ముందు ఆవలించడం మర్యాద కాదమ్మా," అన్నాడు బాబాయ్. దానికి ఎవరూ నవ్వలేదు. ఒళ్ళోని తువ్వాలుని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు.

ఆయన్ని అలా చూస్తే జిగురక్కకి మనసు చివుక్కుమంది. ఆయన్ని అని ఏం లాభం, తనూ మింగేసింది కదా అనుకుంది. గ్లాసు అక్కడ పెట్టి, లేచి, గేటు లోపలికి నడిచింది. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది కానీ, తిరిగి చూస్తే ధైర్యం చాలదని చూడలేదు.

మేనేజర్ తన గదిలో మధ్యాహ్నం తినాల్సిన అన్నం అప్పుడు తింటున్నాడు. గడ్డం మాసి ఉంది.

"సార్, రేపు నేను రాను. మా అమ్మకి కంటి కట్టు విప్పుతారు."

ఆయన తలెత్తాడు. "పొద్దున్న అడిగితే చెప్పలేదే. నువ్వొక్కదానివేనా?"

"నేనూ రాను సార్. కాళ్ళు బరువెత్తనంటున్నాయి," అంది వెనక నుంచి బావ గొంతు.

"నేను నిద్రపోవాలి సార్," అన్నాడు గుమాస్తా. అంతకంటే మంచి కారణం ఆయనకి దొరకలేదు.

మేనేజర్ చూపు తలుపు దగ్గర నిలబడ్డ కోతల బాబాయ్ మీద ఆగింది. "నీకేమైంది?"

టీకొట్టు దగ్గర సముద్రాలు దాటించిన మనిషికి ఆ గదిలో గొంతు పెగల్లేదు. తువ్వాలు ఓ భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. జిగురక్కకి ఆయన బదులు తనే ఏదో ఒకటి చెప్పేద్దామనిపించింది.

"మా ముత్తాతకి ఒంట్లో బాలేదు సార్," అన్నాడు బాబాయ్.

"మీ ముత్తాతకా?"

"పెద్ద వయసు కదా సార్. నీరసంగా ఉన్నాడు."

మేనేజర్ ఆయన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ముందున్న చల్లటి అన్నాన్ని చూశాడు. ఆయన కూడా మూడు వారాలుగా ఇంట్లో ఓ పూట ఉండలేదు. గిన్నె మూత పెట్టేశాడు.

"సరే, పోండి. రేపు ఎవరూ రావద్దు. ఆర్డరువాళ్ళకి నేనేదో చెప్పుకుంటాను. ఎల్లుండి మాత్రం పెందలాడే రండి."

బయటికొచ్చాక నాలుగడుగులు వెయ్యకముందే బాబాయికి గొంతు తిరిగొచ్చింది. "చూశారా, మీరెంత చెప్పినా కదల్లేదు, నేను ఒక్క మాట అనేసరికి మేనేజర్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, నేను పట్టుకోకపోతే కుర్చీలోంచి..."

బావ, గుమాస్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జిగురక్క తన బల్ల దగ్గరికి వెళ్ళి కుంచె చేతిలోకి తీసుకుంది. ఇంకా రెండు గంటల పని ఉంది.

"మీ ముత్తాతని అడిగానని చెప్పు బాబాయ్," అంది.