మనిషిని తొక్కిన తోటబండి

హంపమ్మ కొడవలి ఎత్తింది గానీ కంప మీదికి దించలేకపోయిందంట. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయిందనుకో. ఎందుకంటే ఆ కంప లోపల బండి ఉంది. ఏ బండి? తోటబండి. పెద్ద ట్రాక్టరు కాదు, దాని పిల్ల మాదిరి ఉంటాదే, చెట్ల సందున దూరి దున్నేది, అది. గట్టుకు ముక్కు గుద్దుకొని నిలబడి ఏడేండ్లయింది. ఏడేండ్లలో ఎవురూ దాని మీద చెయ్యి పెట్టలేదు. చుట్టూ తుమ్మకంప మొలిచి, తీగలు అల్లుకొని, చూసేదానికి ఒక పొద. ఆ పొదలోనుంచి ఒక లైటు మాత్రం కనపడతాదంట, గుడ్డికన్ను చూసినట్టు. మేకలు తోలేవాళ్ళు కూడా ఆ పక్క పోరు. మేకలు పోతే, బయటనుంచే రాళ్ళేసి పిలుచుకుంటారు. ఎందుకంటారా? అది మనిషిని తొక్కిన బండి.

తొక్కింది ఎవురినో గాదు, ఈ హంపమ్మ మొగుణ్ణే, కుళ్ళాయప్పను. ఏమైందంటే, ఆ పొద్దు ఆయుధపూజ. బండిని కడిగినారు, పసుపూ కుంకుమా పెట్టినారు, బంతిపూల దండ ఏసినారు, టెంకాయ కొట్టినారు. ఇంగ స్టార్టు చేసి ఒక చుట్టు తిప్పుకొస్తే పూజ అయిపోయినట్టే. ఆ బండికి తాళంచెవి గీళంచెవి ఏమీ లేదు, ముక్కు దగ్గర ఇనుప హ్యాండిలు తగిలించి చేత్తో తిప్పాల్సిందే. కుళ్ళాయప్ప ముందరికి పోయి, వంగి, రెండు తిప్పులు తిప్పినాడో లేదో, ధడాల్మని ఎగిరి మనిషిని కింద పడేసి, ఎడమకాలి మీద ఎక్కి, పోయి గట్టుకు గుద్దుకొని ఆగిపోయిందంట. సీట్లో చూస్తే ఎవురూ లేరు! ఆసుపత్రిలో ఆ కాలు తీసేసినారు. కండ్లు తెరిచి కుళ్ళాయప్ప ఒకటే మాటన్నాడు. "దానంతట అదే కదిలిందబ్బా." అంతే. ఊరు ఆ మాట పట్టుకునింది. అప్పటినుంచి అది బండి కాదు, వేరే ఏదో అయిపోయింది. నేను కూడా చూసినా లెండి, దూరంనుంచి. నాకూ ఒళ్ళు జలదరించింది, అబద్ధం చెప్పను.

మరి ఇంత భయముంటే హంపమ్మ కొడవలి ఎందుకు ఎత్తింది? ఆ ఎండాకాలం వాళ్ళ బోరు ఎండిపోయింది. చీనీచెట్లు, అదే బత్తాయి అంటారే, అవి నూటనలభై. తొమ్మిదేండ్లు బిడ్డల్ని సాకినట్టు సాకినవి. ఆకులు పొద్దున్నే ముడుచుకుంటాండాయి, పిందె రాలతాంది. పక్కతోటాయన మంచోడు, "మా బోర్లో నీళ్ళు పట్టుకో వదినా" అన్నాడు. సరే, నీళ్ళు తెచ్చేదెట్ల? ట్యాంకరు తెస్తే పెద్ద ట్రాక్టరు చెట్ల సందున పట్టదు, కొమ్మలు ఇరుగుతాయి, వేర్లు తెగుతాయి. బిందెలతో మోస్తే దినానికి రెండు వరసలు. మళ్ళీ మొదటి వరసకొచ్చేలోపల అది ఎండిపోయుంటాది. చిన్న బండికి డ్రమ్ముల బండి తగిలిస్తే, ఒక పూటలో తోటంతా తడపొచ్చు. ఆ చిన్న బండి యాడుందంటే పొదలో ఉంది. ఇంగ చెప్పండి, ఆ యమ్మ ఏం చేయాల?

కొడవలి దిగిన చప్పుడు తోట పక్కనే ఉన్న ఇంట్లోకి వినపడిందంట. కుళ్ళాయప్ప మంచం మీదనుంచే అరిచినాడు. "మే! యాడ కొడతాండావు? దాన్ని ముట్టొద్దు!" "చెట్లు చస్తాండాయి" అనింది. "చస్తే చావనీ! నువ్వు చస్తే ఎవురు దిక్కు?" అని, గోడపక్కకు తిరిగి పండుకున్నాడంట. అత్త లచ్చుమక్క పరిగెత్తుకుంటా వచ్చి, "ఒసే నా కోడలా, ఒక కాలు తినింది, దాని ఆకలి తీరిందనుకుంటివా?" అని చెయ్యి పట్టుకునింది. హంపమ్మ ఏమనిందంటే, "అత్తా, నాకూ భయమే. భయపడతానే కొడతా. నువ్వు కొంచెం అవతలకు పో, కంప గుచ్చుకుంటాది" అనింది. అట్లా మూడు దినాలు కొట్టిందంట. భయపడతా భయపడతా. రెండో దినం సీటు కింద పెట్టెలో చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. పాము కుబుసం! ఇంత పొడుగు. కుబుసముంటే పాము యాడ? ఆ పొద్దంతా అడుగు పెట్టే ముందర కట్టెతో నేల తట్టుకుంటా తిరిగింది. పాము కనపడలేదు. కనపడుంటే మేలు, ఒక భయం తీరిపోయేది.

కంప పోయినాక దస్తగిరిని పిలిపించింది. దస్తగిరంటే పక్కూర్లో మోటర్లు, ఇంజన్లు బాగుచేసే ఆయప్ప, చేతులు ఎప్పుడూ నల్లగా ఉంటాయి, నవ్వితే పండ్లు మాత్రం తెల్లగా ఉంటాయి. ఆయప్ప బండి చుట్టూ ఒక్క తూరి తిరిగినాడు. "దస్తగిరన్నా, దీంట్లో ఏమన్నా ఉందా?" అని అడిగిందంట హంపమ్మ. "ఉందమ్మా" అన్నాడు. ఆ యమ్మ రెండడుగులు ఎనక్కి ఏసింది. "గాలి పోయే గొట్టంలో ఎలకల గూడుంది, ట్యాంకీలో జిగురుంది, ఇంజన్లో తుప్పుంది. ఇంగా ఏం గావాల నీకు?" అని నవ్వినాడు. ఆ తుప్పు వదిలేదానికి మందు చెప్పినాడు. ఇంజను నెత్తిన ఒక మర ఊడదీసి, ఆ బొక్కలో కిరసనాయిలూ డీజిలూ కలిపి పొద్దునొక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు పోయాల. తొమ్మిది దినాలు. "బాలింతకు కషాయం పోసినట్టు పొయ్యి, తొందరపడొద్దు" అన్నాడు. పోసేటప్పుడు లోపలనుంచి గుటగుటమని చప్పుడొచ్చేదంట, ఎవురో మింగినట్టు. పోసి, మొగం పక్కకు తిప్పుకొని, గ్లాసు ఆడనే పడేసి పరిగెత్తొచ్చేది. మధ్యాహ్నం బిందెలు మోసేది. పాత చీర చింపి తుప్పు తుడిచేది. తుడస్తా తుడస్తా దాంతో మాట్లాడేదంట. "నువ్వు నాకేం చేసినా సరే, చెట్లను మాత్రం ఏమీ చెయ్యొద్దు తల్లీ" అని.

పదో దినం దస్తగిరి వచ్చినాడు. హ్యాండిలు చేతికి తీసుకున్నాడు గానీ తగిలించలేదు. ఫస్టు బండెక్కి గేరుకడ్డీ పట్టుకొని ఆడించినాడు. అది ఆడలేదు. మళ్ళీ ఆడించినాడు. మొగంలో నవ్వు పోయింది. "అమ్మా హంపమ్మా, ఆ పొద్దునుంచి దీన్ని ఎవురూ ముట్టలేదు గదా?" "ఎవురన్నా, ఎవురు ముడతారు?" "అయితే విను. ఇది గేరులో ఉంది. ఒకటో గేరులో. గేరులో ఉన్న బండికి ముందర నిలబడి హ్యాండిలు తిప్పితే, ఇంజను పట్టుకోంగనే ఎగిరి మీదికొస్తాది. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. అయినా చక్రాల ముందర రాయి ఉంటే కొంచెమన్నా ఆగుండును. రాయి పెట్టే అలవాటు లేదా మీకు?"

అప్పుడు గుర్తుకొచ్చిందంట హంపమ్మకు. రాయి! ఆ బండికి బ్రేకు సరిగ్గా పట్టదు. అందుకని కుళ్ళాయప్ప నిలిపినప్పుడల్లా గేరులో పెట్టి, ముందర చక్రాలకు రెండు రాళ్ళు ఆనించేవాడు. ఆయుధపూజ నాడు బండి చక్రాల కింద ఏం పెడతాం మనం? నిమ్మకాయలు. నాలుగు చక్రాలకు నాలుగు. చక్రం నిమ్మకాయను తొక్కి పోవాల, దిష్టి పోవాల. రాయి అడ్డముంటే చక్రం నిమ్మకాయను ఎట్ల తొక్కుతాది? అందుకని ఈ యమ్మే, ఈ యమ్మ చేతుల్తోనే, ఆ రెండు రాళ్ళు పక్కకు దొర్లించి నిమ్మకాయలు పెట్టింది. మొగునికి మంచి జరగాలని పెట్టింది. ఆ సంగతి ఏడేండ్లలో ఒక్కతూరి గుర్తుకు రాలేదు. ఎందుకొస్తాది? బండిలో ఏదో ఉంది, దానంతట అదే కదిలింది అని అందరూ అంటాంటే, రాళ్ళ గురించి ఎవురు తలుచుకుంటారు? అప్పుడు పుట్టిందనుకో అసలు భయం. పాము భయం, బండి భయం, అవన్నీ ఒక పక్క. మొగునికి ఎట్ల చెప్పాల? చెప్పకుండా ఆ మంచం పక్కన ఎట్ల కూర్చోవాల?

ఇంటికి పోయి గడప దగ్గరే నిలబడిందంట. లోపలికి పోలేదు. "ఇదో, వింటాండావా" అనింది. "ఊ." "బండి గేరులో ఉందంట." ఆయప్ప గోడపక్కనుంచి ఇటు తిరిగినాడు. "ఆ పొద్దు చక్రాల కింద రాళ్ళు నేనే తీసినా. నిమ్మకాయలకు అడ్డమని. నీ కాలు నేనే తీసినట్టయింది" అని గడప పట్టుకునింది. కుళ్ళాయప్ప లేసి కూర్చున్నాడు. "ఏడేండ్లు ఈ మాట కడుపులో పెట్టుకుంటివా?" అన్నాడు. "లేదు. ఇప్పుడే గుర్తుకొచ్చింది. దానంతట అదే కదిలిందంటివి గదా నువ్వు, నేను నమ్మితి." అప్పుడు ఆయప్ప తల దించుకున్నాడంట. దించుకొని ఏమన్నాడంటే, "రాళ్ళ సంగతి నాకు తెలీదే. గేరు సంగతి తెలుసు. తిప్పే ముందర గేరు తియ్యాల్సింది నేను. దండ ఏసే సందట్లో మరిచిపోతి. కింద పడంగనే తెలిసిపోయింది నాకు. ఇరవై ఏండ్లు బండి తోలినోడు గేరు మరిచి కాలు పోగొట్టుకున్నాడని ఊరు నవ్వదా? అందుకే దాన్ని ముట్టొద్దంటి. ముడితే గేరుకడ్డీ చెప్పేస్తాది గదా." ఇదీ సంగతి! ఏడేండ్లు ఊరంతా దెయ్యానికి భయపడినారు, ఆయప్పేమో గేరుకడ్డీకి భయపడినాడు. వింటాండారా? నవ్వొస్తాది గానీ, ఆ ఇంట్లో ఆ పొద్దు ఎవురూ నవ్వలేదు.

అన్నం కూడా తినకుండా కుళ్ళాయప్ప కర్ర పట్టుకొని బయలుదేరినాడు. తోటలోకొచ్చి ఏడేండ్లయింది ఆయప్ప. ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటీ ముట్టుకుంటా పోయినాడు. దస్తగిరీ ఇంగా నలుగురు మొగోళ్ళూ కలిసి, క్లచ్చు తొక్కి, గేరులోనుంచి తీసి, బండిని ఎనక్కి లాగి బయట పెట్టినారు. బ్రేకు బాగుచేసినారు, నాలుగు చక్రాలకూ నాలుగు పెద్ద రాళ్ళు ఆనించినారు. హ్యాండిలు దస్తగిరి తీసుకోబోతే, "ఇటివ్వన్నా" అన్నాడంట కుళ్ళాయప్ప. "నువ్వా? ఆ కాలితోనా?" "తిప్పేది చేత్తో గదా. హంపమ్మను సీట్లో కూర్చోపెట్టు, క్లచ్చు మీద కాలు పెట్టి తొక్కి పట్టుకోమను. గేరు లేకపోయినా సరే, తొక్కి పట్టుకోమను." హంపమ్మ "నేనెక్కను" అనింది. "నావల్ల గాదు. ఇంకొకరిని కూర్చోపెట్టు" అని ఏడ్చింది. "ఇంకొకరు సీట్లో ఉంటే నేను ముందర నిలబడలేను" అన్నాడాయప్ప. ఇంగ ఏమంటాది? ఎక్కింది.

మధ్యాహ్నం ఎండ. ఊరంతా గట్టు మీదుంది, చప్పుడు లేదు. ఆ యమ్మ రెండు కాళ్ళూ ఆ క్లచ్చు మీదే పెట్టి తొక్కింది. ముందర మొగుని తల మాత్రమే కనపడతాంది, వంగి ఉంది, నెత్తిన తువ్వాలు. ఆయప్ప ఒక తిప్పు తిప్పినాడు. "హుఫ్..." అని ఊపిరి విడిచింది బండి! లచ్చుమక్క "లేసిందిరో!" అని పరిగెత్తింది, ఆమె ఎనక సగం ఊరు పరిగెత్తింది. "గాలమ్మా, లోపలి గాలి! నిలబడండి!" అని దస్తగిరి అరస్తాండాడు. కుళ్ళాయప్ప కర్ర జారి కింద పడింది. హంపమ్మ దిగేదానికి లేదు, కాలు తీసేదానికి లేదు. "చాలు, వద్దు, వచ్చేయ్!" అని అరిచింది. ఆయప్ప తల పైకెత్తలేదు. ఒంటికాలి మీద నిలబడి రెండో తిప్పు తిప్పినాడు. మూడోది తిప్పినాడు. దగ్గింది. నల్లటి పొగ గుప్పున లేసి మనిషి కనపడకుండా పోయినాడంట. ఆ పొగలోనుంచి టకటకటక అని చప్పుడు. బండి ఊగతాంది గానీ, ఉన్న చోటే ఉంది. మనిషేడి? పొగ పోయేదాకా హంపమ్మ ఊపిరి తీసుకోలేదనుకో. పోయినాక చూస్తే ఆయప్ప బండికి ముందర కింద కూర్చొని ఉన్నాడు. పడలేదు, కూర్చున్నాడు. మసిమొగంతో నవ్వతాండాడు.

"ఇంగ కాలు తియ్యి" అన్నారంట అందరూ. తీయలేదు. "ముందర మనిషున్నాడు" అనింది. కుళ్ళాయప్పను ఎత్తుకొచ్చి పక్కన చెట్టు కింద కూర్చోపెట్టినాక గానీ తీయలేదు. తీసినాక ఆ కాళ్ళు ఎంత వణికినాయంటే, ఇద్దరు పట్టుకొని దించినారు. మర్నాడు మొగుడు గట్టు మీదనుంచి ఎట్ల తోలాల్నో చెప్తాంటే తానే ఎక్కింది, తానే తోలింది, తానే నీళ్ళు పోసింది. చెట్లన్నీ బతికినాయా అంటారేమో, బతకలేదు. గట్టు పక్క పదకొండు అప్పటికే పోయినాయి. తక్కినవన్నీ వానలదాకా నిలబడినాయి.

భయం పోయిందా అంటే, అదీ పోలేదు. ఇప్పటికీ హంపమ్మ బండి కదిలించే ముందర గట్టిగా అడుగుతాదంట, "ముందర ఎవురన్నా ఉండారా?" అని. మూడుతూర్లు. తోటలో ఒక్కతే ఉన్నా అడుగుతాదంట. ఎవురూ పలకకపోతేనే తోలుతాది. ఎవురన్నా పలికితే ఏం చేస్తాదో మరి, నేనడగలేదు తల్లీ. అడిగేంత ధైర్యం నాకు లేదు.