రావులందరూ ఒకింటోళ్ళు కారే

"అమ్మమ్మా, సచ్ బతావో, ఆ జర్నల్లోంచి నిన్ను నికాల్ దియా థా క్యా?"

నికాల్ దియా ఏటే? నన్ను తీసీసీవోడు ఇంకా పుట్టలేదు. ఎవులు చెప్పేరు నీకు, మీయమ్మేనా? దానికేటి తెల్సు, అప్పటికది ఫ్రాకు తొడుక్కునీ గుంట. ఫోను ఆ బల్ల మీదెట్టు. రికార్డవుతాదా? అవనీ, నాకేటి భయం.

అది నేరశాస్త్రం పత్రిక, తెల్సు కదా. మనుషులు నేరం ఎందుకు చేత్తారు, జైళ్ళెలగున్నాయి, పోలీసులేటి చేత్తన్నారు, ఈటి మీద చదువుకున్నోళ్ళు రాసీది. ఇంగ్లీషులో, మా కాలేజీలోంచే వచ్చీది. నేను సోషియాలజీ చెప్పీదాన్ని. నా చేతికొచ్చేసరికి దాని అవతారం చూడాల నువ్వు. మూణ్ణెల్లకోపాలి రావల్సింది ఏడాదికోపాలి వచ్చీది. రాసీవోళ్ళూ ఆళ్ళే, బాగుందనీవోళ్ళూ ఆళ్ళే. ఒకాయనైతే తన బావమరిది వ్యాసం పంపి, అదే కవర్లో దాన్ని పొగుడుతూ ఉత్తరం కూడా ఎట్టీసేడు, ఏటనుకున్నావ్.

నేను రెండు రూల్సు పెట్టేను. వ్యాసం మీద పేరు చెరిపీసి ఇద్దరికి పంపాల, ఎవులు రాసేరో చదివీవోళ్ళకి తెలీకూడదు. రెండోది, లెక్క చెప్తే ఆ లెక్క ఎక్కడ్నుంచి తీసేవో కాగితం చూపించాల. అంతే. దానికే గోల. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల మాకు పాఠాలు చెప్తాదా అని. చెప్తాను, ఎందుకు చెప్పను? అప్పుడూ ఈ హిందీ దేశంలోనే గాని, మనం ఇక్కడ బారిడీలో లేం, ఆదిత్యపూర్లో అద్దెకుండీవోళ్ళం. మీ తాత ఫేక్టరీ షిఫ్టుకెల్తే వంటింట్లో కూకుని ప్రూఫులు దిద్దీదాన్ని, పప్పు మాడిపోయీది, మీ తాత ఒక్కనాడూ మాటనలేదు, అలాటి మనిషి... ఏటి చెప్తన్నాను? ఆఁ, చైర్మన్.

మా సలహా బోర్డుకి ఒకాయన చైర్మన్. పేరొద్దులే, పోనాడు పాపం. ఆయన పేరుండబట్టే పత్రికకి గుర్తింపు. ఆయన ఓ పేపరు పంపేడు. పనికోసం ఇక్కడికొచ్చిన తెలుగోళ్ళ బస్తీల్లో తరతరాలుగా నేరాలు చేసీ కుటుంబం ఒకటుందట. రావు ఖాందాన్, అంటే రావు వంశం. తాతా రావే, తండ్రీ రావే, అన్నదమ్ములూ పినతండ్రి కొడుకులూ అందరూ రావులే, ఓ పోలీసు థానా రిజిస్టర్లో పేజీలకి పేజీలు. వంశవృక్షం కూడా గీసేడే.

నవ్వు, నవ్వు. నాకూ ముందు నవ్వే వచ్చినాది. రావు అన్నది మన మగోళ్ళ పేరుకి తోక కాదేటి? ఇంటిపేరు ముందరుంటాది. ఆ థానాలో రాసుకునీ మున్షీకి మన సంగతేటి తెల్సు, ఇక్కడి హిందీవోళ్ళ లెక్కన చివరున్నదే ఖాందాన్ పేరనుకుని రాసీసేడు. దాంతో ఒకరి మొహం ఒకరు చూడని సూర్రావూ, రామారావూ అన్నదమ్ములైపోనారు. ఒకే మనిషిని ఓపాలి అప్పా రావనీ, ఓపాలి ఎ. రావనీ రాత్తే, ఆయన ఇద్దరైపోనాడు.

నవ్వు ఎప్పుడాగిందంటే, పేరు చెరిపి పంపేనా, ఆ ఇద్దరూ బాగుందని రాసీసేరు. ఇద్దరూ ఈ హిందీ పక్కోళ్ళే, ఆళ్ళకీ రావు సంగతి తెలీదు. రిజిస్టరు నకలు కూడా ఎట్టేడు మరి, నేనడిగినట్టే. నా రూల్సే ఆ పేపర్ని గట్టెక్కించీసినాయి. ఒళ్ళు మండిపోనాది నాకు, ఆయన మీద కాదు, నా మీద. అది అచ్చయితే, మన గుంటలు పనికోసం ఎల్లినప్పుడు ఎవుడో ఒకడు అడుగుతాడు, రావా, ఆ ఖాందానేనా అని.

ఆ వృక్షానికి మొదట్లో ఎవులున్నారో తెల్సా? మా అయ్య. పేరూ, ఇంటి నంబరూ ఆయనవే.

ఆ సాయంత్రమే బర్మామైన్స్ బస్తీలో అయ్య ఇంటికి ఎల్లేను. అయ్య రిటైరైపోయి వాకిట్లో మంచమేసుకుని కూకునుండీవోడు. దొంగల ఖాందాన్‌కి పెద్దవని రాసేరు, నీకు ముగ్గురు తమ్ముళ్ళట అని చెప్పేను. ఆయనకి తోడబుట్టినోళ్ళే లేరు. కోప్పడతాడనుకున్నాను. బొగ్గు ఏరినాను, నిజమేనే అన్నాడు. ఉద్యోగం పర్మనెంటు అవకముందు, వేగన్లోంచి పట్టాల పక్కన పడ్డ బొగ్గు, పొయ్యిలోకి. పట్టుకెల్లి థానాలో కూకోబెట్టేరట. అన్నేళ్ళూ నాకు చెప్పలేదు. మరి ఇంటిపేరెందుకు చెప్పలేదయ్యా అన్నాను. చెప్తే, గేదెల అంటే ఏటని అడిగి, భైంస్, భైంస్ అని నవ్వీవోరట, గేటు దగ్గరా అంతే, ఆస్పత్రిలోనూ అంతే. అందికని చెప్పడం మానీసేడు. నాకు ఏడుపొచ్చీసింది. ఆయన మాత్రం ఏడవలేదు.

"కేసు తీయించకు. గేదెల అప్పారావు బొగ్గు ఏరేడని రాయించు. నవ్వితే నవ్వనీ" అన్నాడు.

బోర్డు మీటింగులో ఆయన మా అయ్యని నేనే చెప్పీసేను. చైర్మన్ లేచి, ఈవిడ నిందితుడి కూతురు, ఈవిడ తీర్పు చెప్పకూడదన్నాడు. అది న్యాయమే, కాదన్లేదు నేను. ఆ ఫైలు ముట్టుకోనని అక్కడే రాసిచ్చీసేను. గాని ఎడిటరు కుర్చీ ఒగ్గీమంటే మాత్రం ఒగ్గలేదు. "సార్, మీరు ఆ వంశవృక్షం పైన రాసినాయన మా నాన్న. ఆయనకి ఒక్క తమ్ముణ్ణి చూపించండి, ఇప్పుడే ఎల్లిపోతాను" అన్నాను, హిందీలో.

బస్తీలో ఇంటింటికీ తిరిగి, ప్రతి రావుకీ ఇంటిపేరు రాయించుకొచ్చి, ఆ జాబితా, నా బదులు ఆ ఫైలు చూడ్డానికొచ్చిన బయటూరి ఎడిటరు ఒకాయనకి ఇచ్చీసేను. ఆయన తెలుగొచ్చినోళ్ళ చేత కూడా చదివించేడు. పేపరు అచ్చవకుండా తిరిగెల్లిపోనాది. చైర్మనూ ఎల్లిపోనాడు, ఆయనతో గుర్తింపూ పోనాది. మూడు సంచికలు రాలేదు. అదీ జరిగింది, నన్నెవులూ తీయలేదు. తర్వాత మూడో రూలు పెట్టేను. ఎవుల మీద రాత్తే ఆళ్ళ మాటొచ్చినోళ్ళు ఒకరు చదవాల. ఇప్పుడు కంప్యూటర్లో వత్తాది, కుర్రోళ్ళు చూసుకుంటన్నారు. ఆలీసమవుతాదమ్మా, ఈ రూలు తీసీద్దామంటారు. నేనుండగా తియ్యనివ్వను.

మళ్ళా మొదలెట్టినప్పుడు మొదటి పేజీలో రాసేను, ఈ పత్రిక ఎడిటరు గేదెల అప్పారావు కూతురు, ఆయన ఓపాలి బొగ్గు ఏరి పట్టుబడ్డాడని. అయ్యకి చదివి వినిపించేను. ఇంగ్లీషు ఏటి తెలుత్తాది ఆయనకి, గేదెల అన్న దగ్గర మాత్రం తలూపేడు.

సరేగాని, నువ్వూ దానికి పేపరు పంపుతన్నావట. నేను చూడను, ముందే చెప్తన్నాను. నా మనవరాలివని ఎవులితోటీ అనకు. ఏదీ, పేరెలగ రాసేవు? స్వాతి రావు. కాలేజీవోళ్ళు రాసీసేరని నువ్వూ రాసీడమేనేటి? అది మీ నాన్న పేరు తోక. మీ ఇంటిపేరు రాయి, ముందర. చల్లగుండాలి నా తల్లి. ఏటంటావ్, ఎలగూ చెరిపేత్తారు కదా అనా? చెరిపితే చెరపనీ. నువ్వు మాత్రం పూర్తిగా రాయి.