బుడాన్ అన్న తూకం

ఏందే శ్రీరమ్యా, వచ్చిన కాణ్ణించీ ఆ ఫోను ముఖాన పెట్టుకుని కూర్చున్నావు, కాళ్ళన్నా కడుక్కున్నావా? ఏందది, ఏదో గీత గీసినట్టుంది? ఇటు తిప్పు, కళ్ళజోడు లేదు నాకు. ఓహో, నువ్వు ఎత్తే బరువులంట. మొదట్లో పైకి పోయిందంట, ఇప్పుడు నెల నుంచీ చాప పరిచినట్టు అడ్డంగా పడుకుందంట. అందుకని రేపటి నుంచి జిమ్ముకి పోవా? బాగుంది వరస. నిన్నగాక మొన్న కడ్డీ పట్టుకున్నావు, అప్పుడే విసుగా. మీ కోచ్ గారేమన్నారు? ఓపిక పట్టమన్నారా. మరి ఆయన మాట వినకుండా నాతో ఏందే పేచీ. ఇట్టా రా, ఈ కాయలకి తొడిమలు తీద్దువు గాని, చేతులు ఊరకుంటే బుర్ర పాడైపోద్ది. ఆ చేత్తో కళ్ళు నలుపుకోమాక. నీకు బుడాన్ అన్న సంగతి చెప్పానా ఎప్పుడన్నా? చెప్పలా? మీ అమ్మ చెప్పలేదులే, దానికప్పటికి ఊహ తెలిస్తే గదా.

అప్పుడు మనం గుంటూరులో మిర్చి యార్డు వెనకాల రేకుల ఇళ్ళల్లో ఉండేవాళ్ళం. గోడకి ఇటు మేము, అటు వాళ్ళు. నేనూ రహమతున్నీసా వదినా యార్డులో తొడిమలు తీసే కూలికి పోయేవాళ్ళం. వదిన అంటే సొంత వదిన కాదే, సాయిబులు. వరస కలిపేసుకున్నాం, అంతే. ఆవిడ మొగుడు బుడాన్ అన్న. బస్తాలు మోసే ముఠాకి పెద్ద. యార్డులో మిరపకాయ బస్తాని టిక్కీ అంటారు, నీ నడుం ఎత్తుంటది, నలభై కిలోల పైమాటే. అట్టాంటివి రెండు వీపు మీద వేసుకుని లారీ చెక్క ఎక్కేవాడు బీడీ ఆరిపోకుండా. కొత్తగా ఎవడన్నా ముఠాలోకి వస్తే వాడికో పరీక్ష పెట్టేవాడు. ఒకసారి సత్తెనపల్లి కాణ్ణించి ఒకడొచ్చాడు, సుభానీ అని, మీసాలు మెలేసుకుని. వాడి వీపు మీద టిక్కీ పెట్టించి, ఎదురుగా నిలబడి, "ఏరా, పొద్దున ఏం తిన్నావ్?" అన్నాడు అన్న. వాడు "చ... చ... చద్ది..." అని అక్కడే ఆగిపోయాడు. మేమందరం ఒకటే నవ్వు. "దించరా, దించు. గొంతు ఒణికిందంటే ఆ బరువు ఇంకా నీది కాలా. అది మీద ఉండగా మామూలుగా మాట్లాడిన రోజున నీదవుద్ది. అప్పుడడుగు పై బరువు" అన్నాడు. అదీ ఆయన లెక్క. ఎన్ని మోశావురా అని ఎవణ్ణీ అడిగేవాడు కాదు. ఆ సుభానీయే తర్వాత అన్న వెంట నీడలాగా తిరిగాడు.

అట్టాంటి మనిషికి పచ్చవాతం వచ్చింది. ఎండల్లో, కాయలు ముమ్మరంగా వచ్చే రోజుల్లో. ఎడమ పక్కంతా పడిపోయింది. మాటకేం కాలా, బుర్రకేం కాలా, అదే కష్టమైంది. మంచం మీద నుంచి లేపాలంటే మగోళ్ళు కావాలి గదా, ఎదురింటి ఆదాం వచ్చి లేపేవాడు పాపం, ఎప్పుడు పిలిచినా విసుక్కోకుండా. అన్నకి అది చావు. మొహం గోడ వైపు తిప్పేసుకునేవాడు. నాలుగు రోజులకి నీళ్ళు తాగడం మానేశాడు. వదిన బతిమాలితే, "తాగితే మళ్ళీ లేపాలిగా. ఇన్నేళ్ళూ నేను మోశాను, నన్నొకడు మోయడం నా వల్ల కాదు రహమతూ" అన్నాడు. పెదాలు ఎండిపోయి పగిలినై. మనిషి పోతాడనే అనుకున్నాం. అప్పుడు వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుని మంచం ముందు నిలబడింది. ఇంతుండేది ఆవిడ, నా భుజం దాకా. "ఇంకెవర్నీ పిలవను. నువ్వు చెప్పు, నేను ఎత్తుతా" అంది.

చెప్పాడమ్మా. ముఠాలో వాళ్ళకి నేర్పినట్టే నేర్పాడు, తన ఒంటినే టిక్కీ చేసి. నేను గోడ ఇవతల వింటానే ఉండేదాన్ని. "నడుం వంచమాక. కూర్చో. మోకాళ్ళతో లెగు. నన్ను గుండెకి ఆనించుకో, దూరంగా పట్టుకుంటే పిల్లోడు కూడా కొండయిపోతాడు." మొదట్లో ఇద్దరూ కలిసి మంచం మీద కూలబడేవాళ్ళు. వదిన ఏడ్చేది, ఆయన తిట్టేవాడు. తర్వాత తర్వాత మంచం మీద నుంచి పక్కనున్న కుర్చీలోకి వచ్చాడు. ఇంకొన్నాళ్ళకి గడప దాకా. ఆవిడ ఎత్తి పట్టుకోగానే ఆయన చెవిలో అడిగేవాడు, "ఇవాళ కూరేంది?" అని. పరీక్ష అన్నమాట. "గోం... గో..." అనేది ఈవిడ. "ఇంకా కాలా" అనేవాడు. వానలు పోయి చలి వచ్చేటప్పటికి ఒక శుక్రవారం పూట ఆయన్ని గడప దాటించి అరుగు మీద కూర్చోబెట్టింది. ఎత్తుకుని ఉండగానే, "గోంగూర, అందులో ఎండు రొయ్యలు వేశా" అని గడగడా చెప్పేసింది. యార్డుకి పోయేవాళ్ళందరూ ఆగి సలాం పెట్టారు అన్నకి. రాజులాగా కూర్చున్నాడు, దుప్పటి కప్పుకుని. ఆ సాయంత్రం వదిన వీధంతా సేమియా పంచింది. నా దగ్గరికొచ్చి జబ్బ చూపించింది, "పట్టుకు చూడు హనుమాయీ, రాయి" అని. నిజంగా రాయే.

ఆ తర్వాత సుభానీ వచ్చాడు. చానాళ్ళు ఒంగోలు పక్కన పొగాకు గోడౌన్లో పనికి పోయాడులే, అందుకని చూడలా. లోపలికి పోయి అన్నని కావిలించుకున్నాడు, దిండు సర్దుదామని కాస్త పైకి లేపాడు. బయటికొచ్చి కుళాయి కాడ మా ఇద్దరి ముందు నిలబడి, మీసం కొరుక్కుంటన్నాడు. "వదినా, అన్నలో ఏం మిగల్లా. దూదిబస్తా అయిపోయాడు" అన్నాడు. వదినకి కోపమొచ్చింది. "రోజూ ఎత్తేదాన్ని నేను, నాకు తెలీదా? నాకు బలమొచ్చింది, అంతే" అంది. అని, బిందె నిండి పొర్లిపోతన్నా చూసుకోలా. అదే శ్రీరమ్యా. నీవి ఇనప బిళ్ళలు, అవి తరగవు. గీత నిలబడితే నిలబడింది, పైకి పోతే మాత్రం అది నీ బలమే, అనుమానం లేదు. ఆవిడకి ఆ అదృష్టం లేదు. రోజూ చేతుల్లో ఉన్న మనిషి రోజూ కాస్త తరిగిపోతే ఎట్టా తెలుసుద్ది? లోపల ఏదో రోగం తినేసింది ఆయన్ని. ఆయనకి మాత్రం తెలుసు. వెండి ఉంగరం వేలికి నిలవడం లేదని ఆయనే తీసి దిండు కింద పెట్టి, గుచ్చుకుంటందని చెప్పాడు. దుప్పటి ఎందుకు కప్పుకునేవాడో అప్పుడర్థమైంది నాకు. జన్మంతా బరువులు ఎరిగినోడు, తన బరువు తనకి తెలవదా? ఆవిడ మురిసిపోతంటే చూసి ఊరుకున్నాడు.

మరుసటి శుక్రవారం నేను వాళ్ళింట్లోనే ఉన్నా, చారెడు చింతపండు కోసం పోయి. వదిన ఆయన్ని గుండెకి ఆనించుకుని లేచింది. మామూలుగానే అడిగాడు, "కూరేంది?" అని. ఈవిడ నోరు తెరిచి, "ప... పప్పు..." అని ఆగిపోయింది. రొప్పింది. మోకాళ్ళు కూడా కాస్త ఒణికించింది. "అబ్బ, ఏందయ్యా ఇంత బరువున్నావ్, ఇంకా నా వల్ల కావట్లా" అంది. అన్న ఆమె భుజం మీద గడ్డం ఆనించి ఉన్నాడు, మొహం నా వైపే ఉంది. నవ్వాడమ్మా. "మరేమనుకున్నావ్, రెండు టిక్కీలు మోసినోణ్ణి. నిదానంగా నడువు, తొందరేం లేదు" అన్నాడు. ఆవిడ నిదానంగానే నడిచింది. నేను చింతపండు సంగతి మర్చిపోయి ఇంటికొచ్చి ఏడ్చా. అట్టా ఎన్నాళ్ళు నడిచారో. కొత్త కాయలు యార్డుకి రాకముందే పోయాడు. చివరిదాకా ఇంకో మగోడి చెయ్యి పడలా ఆయన మీద, సుభానీ దిండు సర్దినప్పుడూ, ఆఖరికి శవప్పెట్టెలో ఎత్తుకుపోయినప్పుడూ తప్ప.

మొగుడు పోయినాక వాళ్ళల్లో ఆడోళ్ళు ఇంట్లోనే ఉండే గడువు దినాలు అయినాక వదిన మళ్ళీ యార్డుకొచ్చింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు, పక్కన ఎవరూ లేరు. కుట్టేసిన టిక్కీ ఒకటి గోడ కాడ ఉంది. పోయి దాని ముందు గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ చుట్టేసి, గుండెకి ఆనించుకుని లేచింది. నిండు టిక్కీయేనే. నేను నోట్లో ముద్ద అట్టాగే పెట్టుకుని చూస్తన్నా. దించదు. దాని మీద గడ్డం ఆనించి నిలబడింది. "బరువుందా వదినా?" అన్నా. గొంతు ఏం ఒణకలా ఆవిడకి. "ఉందిలే. ఆయనంత లేదు" అంది.

లెగు. పొయ్యి మీద గుడ్లు పెట్టా నీకు, నీళ్ళు ఇంకిపోయుంటాయి.